చీటీ పోయిన పిట్ట ఏ ఊరిది?

(ఒక డిగ్రీ కళాశాల జంతుశాస్త్ర విభాగంలో విద్యార్థుల ముందు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

ప్రిన్సిపాల్ గారికి, జువాలజీ అధ్యాపకులకు, విద్యార్థులకు నమస్కారం. భోజనాల తర్వాతి టైము నాకిచ్చారు. అందుకని సిద్ధాంతాల జోలికి పోకుండా ఒక పిట్టతో మొదలుపెడతాను.

1638 ప్రాంతం. లండన్. హామన్ లెస్ట్రేంజ్ అనే పెద్దమనిషి వీధిలో పోతుంటే ఒక ఇంటి బయట గుడ్డ మీద గీసిన వింత పక్షి బొమ్మ వేలాడుతూ కనిపించింది. జాతరల్లో డేరాల ముందు కట్టే బొమ్మలు మీరూ చూసే ఉంటారు. తోడున్న ఒకరిద్దరితో కలిసి లోపలికి వెళ్లాడు. గదిలో ఒక పక్షి. టర్కీ కోడి కంటే పెద్దది, దానికన్నా బొద్దుగా ఉంది. పొయ్యి పక్కన గులకరాళ్ల కుప్ప పోసి ఉంది. కాపలావాడు ఆ రాళ్లు తీసి వీళ్ల కళ్ల ముందే దానికి తినిపించాడు. కొన్ని రాళ్లు జాజికాయంత ఉన్నాయట. తిండి అరగడానికి తింటుందని చెప్పాడు. దీన్నేమంటారంటే డోడో అన్నాడు. లెస్ట్రేంజ్ ఇదంతా రాసి పెట్టబట్టి మనకు తెలిసింది.

డోడో మారిషస్ దీవి పక్షి. ఆ శతాబ్దం దాటకుండానే జాతి మొత్తం పోయింది. ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్ మ్యూజియంలో ఒక డోడో తల, ఒక కాలు ఉన్నాయి. ఎముకలు వేరేచోట్ల చాలానే దొరికాయి గానీ, చర్మంతో మిగిలిన తల ప్రపంచంలో అదొక్కటే. లండన్ పక్కన లాంబెత్‌లో ట్రాడెస్కాంట్ తండ్రీకొడుకులు దేశదేశాల వింతలు పోగేసి జనానికి చూపించేవారు. వాళ్ల దగ్గర ఒక డోడో ఉన్నట్టు 1656లో వేసిన జాబితాలో ఉంది. ఆ సరుకంతా తర్వాత ఆక్స్‌ఫర్డ్ చేరింది. మరి లెస్ట్రేంజ్ చూసిన పక్షీ, ఈ పక్షీ ఒకటేనా? ఒకటే అయి ఉంటుందని చాలాకాలం చెప్పుకున్నారు. అదే ఊరు, ఇంచుమించు అదే కాలం కదా.

2018లో ఆ తలను సీటీ స్కాన్ చేశారు. పుర్రె వెనక భాగంలో సీసపు రవ్వలు కనిపించాయి. అంటే వెనక నుంచి ఎవరో తుపాకీతో కాల్చారు. టికెట్ పెట్టి చూపించుకునే పక్షిని ఎవరైనా కాల్చుకుంటారా? మరి ఎక్కడ చచ్చింది, ఎవరు కాల్చారు, లండన్‌కి ఎలా వచ్చింది? ఎవరూ రాయలేదు. ఆ రోజు ఒక చిన్న చీటీ మీద రెండు ముక్కలు రాసి కాలికి కట్టి ఉంటే ఈ తంటా లేదు. ఈ గంటసేపూ నేను మాట్లాడబోయేది ఆ చీటీ గురించి.

ముందు అసలు పని ఎలా చేసేవారో చూద్దాం. పిట్టను చంపాక ఎండ దేశంలో అయితే కొన్ని గంటలే టైము. రొమ్ము ఎముక దగ్గర నుంచి కిందికి సన్నగా కోస్తారు. చర్మాన్ని కండ నుంచి వేళ్లతో మెల్లగా విడదీస్తారు. కాళ్ల ఎముకలు, రెక్కల ఎముకలు చర్మంతోనే ఉంచి, మేజోడు తిరగేసినట్టు చర్మాన్ని తల దాకా తిరగేస్తారు. మెదడు, కళ్లు తీసేస్తారు. లోపలివైపు మందు పూసి, దూది కూరి, కుట్టేసి, ఆరబెడతారు. కంటి రంగు, కాళ్ల రంగు ఆరాక నిలవవు. అందుకని వెంటనే రాసుకోవాలి. ఆడదో మగదో లోపల చూసి రాసుకోవాలి. ఇవన్నీ ఒక చీటీ మీద ఎక్కించి దారంతో కాళ్లకు కడతారు.

ఆ మందు ఏంటనుకుంటున్నారు? ఆర్సెనిక్. పాషాణం. 18వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో మెట్జ్ ఊళ్లో బెకూర్ అనే మందుల తయారీదారు సబ్బు, కర్పూరం, సున్నం, పాషాణం కలిపి ఒక ముద్ద చేశాడు. బతికినంత కాలం ఆ రహస్యం ఎవరికీ చెప్పలేదు. ఆయన పోయాక ఆ పాళ్లు అచ్చులోకి వచ్చి యూరప్ అంతా వాడింది. అంతకుముందు ఎంత బాగా కూరిన పిట్టనైనా కొన్నేళ్లలో పురుగులు తినేసేవి. 18వ శతాబ్దం కంటే ముందటి పక్షులు మ్యూజియాల్లో దాదాపు కనిపించకపోవడానికి కారణం అదే. మీరు ఎప్పుడైనా పాత మ్యూజియంలో స్పెసిమెన్ ముట్టుకోవాల్సి వస్తే గ్లవ్స్ వేసుకోండి. విషం ఇంకా దాంట్లోనే ఉంటుంది.

ఈ పని చార్లెస్ డార్విన్‌కి ఎవరు నేర్పారో తెలుసా? జాన్ ఎడ్మన్‌స్టన్. దక్షిణ అమెరికాలోని గయానాలో బానిసగా ఉండి, విడుదలై, ఎడింబరోలో పిట్టలు కూరి బతికేవాడు. 1826లో మెడిసిన్ చదువు మీద మనసు నిలవని పదిహేడేళ్ల డార్విన్ ఆయన దగ్గర ఫీజు కట్టి నేర్చుకున్నాడు. బీగిల్ ఓడ ఎక్కాక అక్కరకొచ్చింది ఆ విద్యే.

సరే, చీటీ లేకపోతే ఏమవుతుంది? 1522లో, మాగెల్లాన్‌తో బయలుదేరిన ఓడల్లో భూమిని చుట్టి తిరిగొచ్చిన ఒకే ఒక్క ఓడ విక్టోరియాలో, స్వర్గపక్షుల చర్మాలు స్పెయిన్ చేరాయి. మలుకు దీవుల్లో ఒక రాజు ఇచ్చిన కానుకలు అవి. న్యూగినీలో వేటగాళ్లు ఈకల అందం కోసం కాళ్లు తీసేసి ఎండబెట్టేవారు. యూరప్ వాళ్లు చర్మం చూశారు, కాళ్లు లేవు. ఇంకేం, కథ పుట్టింది. ఈ పక్షి నేల మీద వాలదు, మంచు తాగి గాల్లోనే బతుకుతుంది, ఆడపక్షి మగదాని వీపు మీదే గుడ్లు పెడుతుంది అని. ఆ ఓడలోనే ఉన్న పిగాఫెట్టా ఈ పక్షులకు కాళ్లుంటాయని తన యాత్రా వృత్తాంతంలో రాశాడు. ఎవరు వింటారు? రెండు వందల ఏళ్లు దాటాక, 1758లో లిన్నేయస్ పెట్టిన శాస్త్రీయ నామంలో కూడా ‘కాళ్లు లేనిది’ అనే మాట అలాగే ఉండిపోయింది. ఇవాళ్టికీ దాని పేరు పారడైసియా అపోడానే.

ఊరూరా తిరిగే ప్రదర్శనల దగ్గరికి వద్దాం. వాటిని తేలిగ్గా తీసిపారేసే అలవాటు మన పాఠ్యపుస్తకాలకి ఉంది. నాకు ఆ అభిప్రాయం లేదు. క్లారా అనే ఖడ్గమృగం కథ వినండి. దానికంటే ముందు ఇంకో ఖడ్గమృగం సంగతి చెప్పాలి.

1515లో గుజరాత్ సుల్తాను పంపిన ఖడ్గమృగం ఒకటి పోర్చుగల్ రాజుకి చేరింది. లిస్బన్ అంతా ఎగబడి చూసింది. పోర్చుగల్ రాజు దాన్ని పోప్‌కి కానుకగా పంపితే దారిలో ఓడ మునిగింది. జర్మనీలో ఉన్న చిత్రకారుడు డ్యూరర్ ఆ జంతువుని చూడనే లేదు. ఎవరో పంపిన ఉత్తరం, ఒక రేఖాచిత్రం పెట్టుకుని బొమ్మ చెక్కాడు. ఒంటి మీద ఇనప కవచంలాంటి రేకులు, వీపు మీద అదనంగా ఒక చిన్న కొమ్ము. అద్భుతమైన బొమ్మ, కాదనను. రెండు శతాబ్దాలకు పైగా యూరప్‌లో ఖడ్గమృగం అంటే ఆ బొమ్మే. పుస్తకం వేసిన ప్రతివాడూ ఆ లేని కొమ్ముతో సహా దించేశాడు.

1738 ప్రాంతంలో అస్సాంలో తల్లిని వేటగాళ్లు చంపేస్తే ఒక ఖడ్గమృగం పిల్ల మిగిలింది. అదే క్లారా. బెంగాల్‌లో డచ్ కంపెనీ అధికారి సిష్టర్‌మాన్ ఇంట్లో పెంచారు. భోజనాల బల్ల చుట్టూ తిరిగేదట. పెద్దదవుతుంటే ఇల్లు పట్టడం లేదు మరి. డౌవె మౌట్ వాన్ డెర్ మేర్ అనే ఓడ కెప్టెన్ తీసుకుని 1741లో రోటర్‌డామ్‌లో దించాడు. తర్వాత ఉద్యోగం మానేసి దాన్ని ప్రత్యేకంగా చేయించిన బండిలో పెట్టి పదిహేడేళ్లు యూరప్ తిప్పాడు. బెర్లిన్, వియన్నా, వెర్సాయ్, రోమ్, వెనిస్. ముందు కరపత్రాలు వెళ్లేవి, వెనక బండి వెళ్లేది. పతకాలు, బొమ్మలు అమ్మేవాడు. నారింజపళ్లంటే దానికి ప్రాణం, బీరు కూడా తాగేదని రాశారు. (నవ్వులు) 1758లో లండన్‌లో చనిపోయింది.

వ్యాపారమే, సందేహం లేదు. కానీ లైడెన్‌లో శరీర నిర్మాణ శాస్త్రవేత్త ఆల్బినస్ వేసిన గొప్ప అట్లాస్‌లో మనిషి అస్థిపంజరం వెనక నిలబడింది క్లారానే. 1749లో పారిస్‌లో ఊద్రీ అనే చిత్రకారుడు దాన్ని ఎదురుగా పెట్టుకుని నిలువెత్తు బొమ్మ వేశాడు. వీపు మీద కొమ్ము లేదు. కవచం లేదు. ముడతల చర్మం ఉంది, అంతే. 1751లో వెనిస్‌లో లాంగీ వేసిన బొమ్మలో అయితే ముక్కు మీద కొమ్ము కూడా లేదు. ఈలోపు అది ఊడిపోయింది. కాపలావాడు ఆ కొమ్ముని చేత్తో పట్టుకుని చూపిస్తుంటాడు. చూసింది చూసినట్టు వేశారన్నమాట. డ్యూరర్ బొమ్మని పక్కకి నెట్టింది యూనివర్సిటీలు కాదు, ఒక ఓడ కెప్టెన్ బండి.

ఇప్పుడు అమెరికా. నాకు బాగా ఇష్టమైన భాగం ఇది, కాస్త నిలబడతాను.

ఫిలడెల్ఫియాలో చార్లెస్ విల్సన్ పీల్ చిత్రకారుడు. 1780లలో సొంతంగా మ్యూజియం పెట్టాడు. 1799లో న్యూయార్క్ రాష్ట్రంలో న్యూబర్గ్ దగ్గర మాస్టెన్ అనే రైతు ఎరువు మట్టి తవ్వుతుంటే పెద్ద ఎముకలు బయటపడ్డాయి. 1801లో పీల్ అక్కడికి వెళ్లాడు. తీసిన ఎముకలకి 200 డాలర్లు, ఇంకా తవ్వుకునే హక్కుకి 100 డాలర్లు. ఆ పైన రైతు కొడుక్కి తుపాకీ, కూతుళ్లకి కొత్త గౌన్లు. గుంట నిండా నీళ్లు. దాని మీద పెద్ద చక్రం కట్టించాడు. చక్రంలోకి మనుషులు ఎక్కి నడుస్తుంటే గొలుసుకి కట్టిన బకెట్లు నీళ్లు తోడేవి. చూడ్డానికి వచ్చిన జనమే సరదాగా చక్రం ఎక్కి నడిచారు. కూలి ఖర్చు కూడా కలిసొచ్చింది. తర్వాత పీల్ తానే ఆ దృశ్యాన్ని పెద్ద బొమ్మగా వేశాడు.

చుట్టుపక్కల రెండు మూడు చోట్ల తవ్వాక రెండు అస్థిపంజరాలకి సరిపడా ఎముకలు దొరికాయి. ఒకదాన్ని ఫిలడెల్ఫియాలో నిలబెట్టి, ఆ గదికి విడిగా 50 సెంట్ల టికెట్ పెట్టాడు. ఎముకలు పేర్చడంలో మోజెస్ విలియమ్స్ చేయి ఉంది. పీల్ ఇంట్లో బానిసగా పెరిగినవాడు. ఏ ముక్క ఎక్కడ అతుకుతుందో కనిపెట్టడంలో అతని చూపు మిగతావాళ్లకి లేదట. రెండో అస్థిపంజరాన్ని కొడుకులు రెంబ్రాంట్, రూబెన్స్ 1802లో లండన్ తీసుకెళ్లారు. వెళ్లే ముందు దాని పొట్ట కింద బల్ల వేసి పదిమందికి పైగా కూర్చుని విందు చేసుకున్నారు. లండన్‌లో అనుకున్నంత డబ్బు రాలేదు. పారిస్ వెళ్దామంటే నెపోలియన్ యుద్ధం అడ్డొచ్చింది. తిరిగొచ్చేశారు.

ఈ పీల్ కూడా టికెట్లు అమ్ముకున్నవాడే. కానీ దొరకని ఎముకల చోట చెక్కతో, కాగితపు గుజ్జుతో చేసి పెట్టినప్పుడు, ఇది చెక్క అని చెప్పాడు. ఏ గుంటలో ఏది దొరికిందో రాశాడు. పారిస్‌లో క్యూవియే అనే శాస్త్రవేత్త ఇలాంటి ఎముకలన్నీ పోల్చి చూసి 1806లో, ఏనుగు లాంటి ఈ అంతరించిన జంతువుకి మాస్టడాన్ అని పేరు పెట్టగలిగాడంటే ఇలాంటి సమాచారం చేతికి అందబట్టే. ఫిలడెల్ఫియా అస్థిపంజరం ఇప్పుడు జర్మనీలో డార్మ్‌స్టాట్ మ్యూజియంలో ఉంది.

పీల్ పక్కన ఇంకొకాయన్ని నిలబెట్టి చూడాలి. ఆల్బర్ట్ కాక్. సెయింట్ లూయిస్‌లో మ్యూజియం నడిపేవాడు. 1840లో మిస్సోరి రాష్ట్రంలో దొరికిన ఎముకలతో ఒక జంతువుని లేపాడు. 32 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు. ‘మిస్సోరి లెవయతాన్’ అని పేరు. వెన్నుపూసలు లెక్కకి మించి పెట్టాడు, పక్కటెముకలు లెక్కకి మించి పెట్టాడు, పూసల మధ్య చెక్క దిమ్మలు దూర్చాడు, దంతాలను తల మీద నుంచి పక్కలకి పరిచాడు. ఊళ్లు తిప్పి 1841లో లండన్ ఈజిప్షియన్ హాల్‌లో పెట్టాడు. రిచర్డ్ ఓవెన్ అనే శరీర నిర్మాణ శాస్త్రవేత్త చూసి ఇది మామూలు మాస్టడానేనని తేల్చాడు. బ్రిటిష్ మ్యూజియం వాళ్లు కొని, ఎక్కువైన ఎముకలు తీసేసి, దంతాలు సరిగ్గా తగిలించి నిలబెట్టారు. ఇప్పుడూ లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉంది, వెళ్లినప్పుడు చూడండి.

ఆ డబ్బుతో కాక్ ఊరుకున్నాడా? 1845లో అలబామాలో తవ్వి 114 అడుగుల సముద్ర సర్పాన్ని తయారుచేశాడు. హైడ్రార్కోస్. న్యూయార్క్‌లో జనం విరగబడ్డారు. ప్రసిద్ధ ప్రొఫెసర్ సిల్లిమన్ పేరు కలిపి శాస్త్రీయ నామం కూడా పెట్టేశాడు. ఆ ప్రొఫెసర్ మండిపడి నా పేరు తీసెయ్యమన్నాడు. జెఫ్రీస్ వైమన్ అనే శరీర నిర్మాణ శాస్త్రవేత్త వెళ్లి పళ్లు చూశాడు. పళ్లకి రెండేసి వేర్లున్నాయి. సర్పాల పళ్లకి అలా ఉండవు, ఇది పాలిచ్చే జంతువు. పైగా వయసు తేడా ఉన్న వేర్వేరు జంతువుల ఎముకలు కలిపి కుట్టారని కూడా చెప్పాడు. నిజానికి అవి ప్రాచీన తిమింగలం ఎముకలు. తిమింగలాల పరిణామం గురించి గొప్ప సాక్ష్యం అయ్యుండేది. ఏ ఎముక ఏ చేలోది, ఏ జంతువుది అన్న లెక్క కాక్ చెరిపేశాక ఇంకెక్కడి సాక్ష్యం! అయినా ప్రష్యా రాజు దాన్ని కొన్నాడు. కాక్ ఇంకోటి తయారుచేశాడు. అది షికాగో చేరి, 1871 అగ్నిప్రమాదంలో కాలిపోయింది.

ఈయన కథలో ఒక మెలిక ఉంది. మిస్సోరిలో మాస్టడాన్ ఎముకలతో పాటు మనుషులు చెక్కిన రాతి ములుకులు కూడా దొరికాయని కాక్ పదేపదే చెప్పాడు. అంటే ఆ జంతువులున్న కాలానికే అక్కడ మనుషులున్నారని. ఎవరూ నమ్మలేదు. సముద్ర సర్పాలు కుట్టేవాడి మాట ఎవరు నమ్ముతారు? 1979లో కిమ్స్‌విక్ దగ్గర, కాక్ కూడా ఒకప్పుడు తవ్విన చోటనే, మాస్టడాన్ ఎముకల పక్కన క్లోవిస్ అనే ప్రాచీన వేటగాళ్ల కాలపు రాతి ములుకు దొరికింది. ఈసారి ఏ పొరలో, ఎంత లోతులో ఉందో కొలిచి, ఫొటో తీసి, రాసుకున్నారు. కాక్ చెప్పిన విషయం నిజమే. కానీ అది నిజమని చూపించడానికి ఆయన దగ్గర కాగితం లేదు.

మనమంతా పల్లెల వాళ్లం కాబట్టి ఒక్కమాట చెప్తాను. చీటీ లేని స్పెసిమెన్, పాస్‌బుక్ లేని పొలం ఒకటే. కళ్ల ముందు ఉంటుంది, ఎవరూ ఏమీ చేసుకోలేరు.

అయితే ప్రదర్శనల వాళ్లే చీటీలు పోగొట్టారు, శాస్త్రవేత్తలు బుద్ధిమంతులు అనుకోకండి. 1835 సెప్టెంబరులో డార్విన్ గాలాపాగోస్ దీవుల్లో దిగాడు. అక్కడి అధికారి ఒకాయన తాబేలుని చూస్తే అది ఏ దీవిదో చెప్పగలనన్నాడు. డార్విన్ అప్పటికి పట్టించుకోలేదు. తిరుగు ప్రయాణంలో ఓడవాళ్లు తాబేళ్లను కోసుకు తిని డిప్పలు సముద్రంలో పారేశారు. పిట్టల్లో కూడా చాలా వాటికి ఏ దీవిలో కొట్టాడో ఆయన రాసుకోలేదు. ఒక్క గాలాపాగోస్ అంటే చాలనుకున్నాడు. 1837 జనవరిలో లండన్‌లో పక్షుల నిపుణుడు జాన్ గౌల్డ్ చూసి, ఇవన్నీ ఒకే కుటుంబపు ఫించ్ పిట్టలు, వేర్వేరు జాతులు అని చెప్పేసరికి డార్విన్‌కి టెన్షన్ మొదలైంది. ఏ దీవిలో ఏ జాతి? అదే కదా అసలు ప్రశ్న! చివరికి కెప్టెన్ ఫిట్జ్‌రాయ్ పోగుచేసిన పిట్టలు, తన సహాయకుడు సిమ్స్ కోవింగ్టన్ సొంతానికి దాచుకున్న పిట్టలు అడిగి తెప్పించుకున్నాడు. వాళ్లు దీవి పేరు రాసుకున్నారు. యజమాని రాయలేదు, పనివాడు రాశాడు. (నవ్వులు)

ఆల్‌ఫ్రెడ్ రసెల్ వాలెస్ ఈ విషయంలో ఇంకా పక్కాగా ఉన్నాడు. డబ్బున్నవాడు కాదు. పురుగులు, పిట్టలు పట్టి లండన్‌లో ఏజెంటు ద్వారా అమ్మి బతికేవాడు. అమెజాన్‌లో నాలుగేళ్లు పోగుచేసిన దాంట్లో చాలా భాగం 1852లో ఓడ తగలబడి సముద్రం పాలైంది. పది రోజులు పడవలో తేలి బతికాడు. అదే ఏడాది లండన్‌లో అమెజాన్ కోతుల గురించి పత్రం చదువుతూ, మ్యూజియాల్లో చీటీల మీద బ్రెజిల్, పెరూ, దక్షిణ అమెరికా అని రాస్తే ఏం లాభం, నదికి ఏ ఒడ్డున కొట్టారో కదా రాయాల్సింది అని వాపోయాడు. నదికి ఈ ఒడ్డున ఒక కోతి, ఆ ఒడ్డున ఇంకో కోతి ఉండటం ఆయన చూశాడు మరి.

1854లో మళ్లీ బయలుదేరి ఎనిమిదేళ్లు మలయా ద్వీపాల్లో తిరిగాడు. పోగుచేసినవి 1,25,660. అందులో 8,050 పక్షులు. సరవాక్ కుర్రాడు అలీ లేకపోతే అన్ని పక్షులు వచ్చేవి కావు. వాలెస్ పట్టిన పురుగులు ఇప్పటికీ మ్యూజియాల్లో ఉన్నాయి. సూది కింద చిన్న గుండ్రటి కాగితం, దాని మీద దీవి పేరు మూడు నాలుగు అక్షరాల్లో. అంతకంటే ఏమీ ఉండదు. ఆ గుండ్రటి కాగితాలే బాలికీ లంబోక్‌కీ మధ్య గీత గీశాయి. ఆయన లెక్కలో ఆ జలసంధి 15 మైళ్లు. రెండు గంటల ప్రయాణం. ఇటు బాలిలో వడ్రంగి పిట్టలు, అటు లంబోక్‌లో కాకటూ చిలకలు. ఇటు ఆసియా, అటు ఆస్ట్రేలియా వైపు జంతుజాలం. మీ సిలబస్‌లో ఉన్న వాలెస్ లైన్ అదే.

మన తీరానికి వద్దాం. 1781లో పాట్రిక్ రసెల్ అనే డాక్టరు విశాఖపట్నం వచ్చాడు. అంతకుముందు సిరియాలో అలెప్పోలో ప్లేగు రోగులకు వైద్యం చేసినవాడు. 1785లో ఈస్టిండియా కంపెనీ ఆయన్ని అప్పట్లో కర్నాటిక్ అని పిలిచిన తూర్పు తీర ప్రాంతానికి ప్రకృతి శాస్త్రవేత్తగా వేసింది. పాముకాటు చావులు చూసి, ఏది విషపు పామో ఏది కాదో జనానికి తేలిగ్గా తెలిసే మార్గం వెతికాడు. పాముల్ని తెప్పించి కోళ్ల మీద, కుక్కల మీద కాటు వేయించి చూశాడు. ఆ రోజుల్లో పాముకాటుకి పేరు మోసిన తంజావూరు మాత్రలు నిజంగా పనిచేస్తాయో లేదో కూడా పరీక్షించాడు. 1796లో పాముల పుస్తకం, 1803లో విశాఖ తీరంలో దొరికిన 200 చేపల పుస్తకం వచ్చాయి.

ఆ పాముల పుస్తకం ఇంటర్నెట్‌లో ఉంది, తెరిచి చూడండి. బొమ్మల దగ్గర మన పేర్లు ఉంటాయి. చింత నాగు, పెద్ద పొడ, బంగారం పాము, కాటుక రేకుల పొడ. ఇంగ్లీషు అక్షరాల్లో అడ్డదిడ్డంగా ఉన్నా గుర్తుపడతారు. ఆ కాటుక రేకుల పొడే మన రక్తపింజరి, ప్రపంచమంతా రసెల్స్ వైపర్ అనేది. కట్లపాముల ప్రజాతికి పెట్టిన బంగారస్ అన్న పేరు ఈ పుస్తకంలోని బంగారం పాము నుంచే వెళ్లింది. రసెల్ పామునీ రాశాడు, పట్టిన ఊరివాళ్లు దాన్నేమంటారో కూడా రాశాడు. అందుకే రెండు వందల ఏళ్ల తర్వాత కూడా ఆ బొమ్మ పట్టుకుని తీరం వెంట అడుగుతూ పోవచ్చు.

సామర్లకోటలో విలియం రాక్స్‌బర్గ్ కూడా అదే కాలంలో మొక్కల మీద పని చేశాడు. కోరమండల్ మొక్కల మీద ఆయన పుస్తకంలో 300 బొమ్మలున్నాయి. వేసినవాళ్లు మన చిత్రకారులే. వాళ్ల పేర్లు అందులో వేయలేదు. మొక్క పేరు దక్కింది, మనిషి పేరు పోయింది.

ఇప్పుడు రెండు పిట్టలు. ఇక్కడితో ఆపేస్తాను.

మొదటిది అడవి గుడ్లగూబ, ఫారెస్ట్ ఔలెట్. 1870లలో మధ్య భారతంలో దొరికింది. కొన్ని చర్మాలు మాత్రమే మ్యూజియాలకు చేరాయి. రిచర్డ్ మైనర్ట్జ్‌హాగెన్ అనే బ్రిటిష్ కల్నల్, పక్షుల నిపుణుడిగా పెద్ద పేరున్నవాడు, 1914లో గుజరాత్‌లో మాండ్వి దగ్గర ఒకటి కొట్టానని చూపించాడు. పక్షి కోసం వెతికినవాళ్లు అక్కడా వెతికారు, దొరకలేదు. 1990లలో పమేలా రాస్ముసెన్ అనే పక్షి శాస్త్రవేత్త ఆ చర్మాన్ని పరీక్షించింది. అది 1880లలో జేమ్స్ డేవిడ్సన్ అనే అధికారి కొట్టిన పక్షి. కల్నల్ గారు దాన్ని మ్యూజియం నుంచి దొంగిలించి, కుట్లు విప్పి, మళ్లీ కూరి, కొత్త చీటీ కట్టారు. చీటీ లేకపోవడం ఒక బాధ, దొంగ చీటీ ఇంకా పెద్ద బాధ. రాస్ముసెన్ వాళ్లు ఆ దొంగ ఊరిని జాబితాలోంచి కొట్టేసి, నిజం చీటీలున్న చోట్లకి వెళ్లారు. 1997 నవంబరులో మహారాష్ట్రలో షహాదా దగ్గర పట్టపగలు చెట్టు మీద కూర్చుని కనిపించింది. 113 ఏళ్ల తర్వాత.

రెండోది మనదే, కలివికోడి. జెర్డాన్ అనే డాక్టరు కనిపెడితే, 1848లో బ్లైత్ అనే పక్షి శాస్త్రవేత్త వర్ణించాడు. నెల్లూరు పైనున్న కనుమలు, కడప. తర్వాత బ్లాన్‌ఫోర్డ్ గోదావరి లోయలో సిరోంచ, భద్రాచలం దగ్గర చూశాడు. 1900లో అనంతపురం దగ్గర కనిపించాక మాయమైంది. అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్, పాతవాళ్లు రాసి పెట్టిన చోట్లు పట్టుకుని, ఊళ్లలో బొమ్మ చూపించి అడుగుతూ తిరిగితే, కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర స్థానికుల సాయంతో దొరికింది. రాత్రి తిరిగే పిట్ట, మన శాస్త్రవేత్తలు పగలు వెతికారు. ఊరివాళ్లకి అది ముందే తెలుసు. లంకమల అభయారణ్యం వచ్చింది, తర్వాత దీని కోసం తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చారు.

దీని గుడ్డు ఎలా ఉంటుందో మాత్రం అప్పటికీ ఎవరికీ తెలియదు. 2013లో స్కాట్లాండ్ నుంచి వార్త వచ్చింది. ఆబర్డీన్ యూనివర్సిటీ మ్యూజియంలో ఒక గుడ్డు ఉంది. 1917లో కోలారు బంగారు గనుల ప్రాంతంలో పనిచేసిన ఒక పశువైద్యుడు సేకరించింది. కలివికోడి గుడ్డు అని ఉంది. అలన్ నాక్స్ అనే పక్షి శాస్త్రవేత్త ఆ మాటని అలా నమ్మేయలేదు. గుడ్డు నుంచి డీఎన్ఏ తీయించి, పాత కలివికోడి చర్మం డీఎన్ఏతో పోల్చారు. సరిపోయింది. ప్రపంచంలో ఇప్పటిదాకా తెలిసిన కలివికోడి గుడ్డు అదొక్కటే.

ఈ అలన్ నాక్స్ ఎవరో తెలుసా? 1993లో మైనర్ట్జ్‌హాగెన్ కల్నల్ దొంగ చీటీల బండారం మొదట పకడ్బందీగా బయటపెట్టినాయన. చీటీని ఎంత నమ్మాలో, ఎక్కడ అనుమానించాలో ఆయనకి అప్పటికే బాగా అలవాటు.

నా మాటలు అయిపోయాయి. ఇంకా పావుగంట ఉందంటున్నారు, ప్రశ్నలుంటే అడగండి. ఆర్సెనిక్ సబ్బు పాళ్లు మాత్రం చెప్పను. (నవ్వులు)